ఒహాయో స్టేట్‌కి ఈసారి ఎలాంటి క్వార్టర్‌బ్యాక్ కావాలి?

లేన్ అవెన్యూ రాజు | ఆగస్టు 3, 2025

అందరికీ నమస్కారం. ఆగస్టు 30న కొలంబస్‌లో మన స్టేడియంలోనే టెక్సస్‌తో మన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ తొలి మ్యాచ్. నెల రోజులు కూడా లేవు, బంతి ముందుగా అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ఎవరో ఇంకా తేలలేదు. పోయినసారి ఆ పని చేసిన విల్ హోవర్డ్ చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. పోటీ అంతా జూలియన్ సేయిన్‌కీ లింకన్ కీన్‌హోల్జ్‌కీ మధ్యే. టేవియన్ సెయింట్ క్లెయిర్ ఇప్పుడే చేరాడు, వాడికి ఇంకా టైముంది. ఎవరి చెయ్యి గట్టిది, ఎవరు వేగంగా పరిగెత్తుతారు అని అందరూ మాట్లాడుకుంటున్నారు. నేను అడుగుతున్నది వేరు. అసలు మన టీమ్‌కి ఆ కుర్రాడి దగ్గర్నుంచి కావలసింది ఏంటి?

ముందు నా మాట చెప్తాను. గత ఏడాది నుంచి కాలేజీ ఫుట్‌బాల్‌లో కోచ్ గొంతు క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోనే వినిపిస్తోంది. ఒక ప్లే, అంటే బంతితో ఒక ప్రయత్నం, అయ్యాక తర్వాతి ప్లేకి 40 సెకన్ల గడియారం నడుస్తుంది కదా, అది 15కి రాగానే ఆ గొంతు ఆగిపోతుంది. అక్కడి నుంచి వాడొక్కడే. ఎదుటివాళ్ళ డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపు కాసే సేఫ్టీలు ఒకడున్నాడా ఇద్దరున్నారా, లైన్ మీదికి ఎవడు దూకబోతున్నాడు, పక్కనున్న రన్నింగ్ బ్యాక్‌ని (బంతి తీసుకుని పరిగెత్తేవాణ్ణి) ఎటు నిలబెట్టాలి, కోచ్ చెప్పిన ప్లే ఉంచాలా మార్చాలా, అన్నీ ఆ కాసేపట్లోనే తేల్చుకోవాలి. చుట్టూ లక్ష మంది. వాడి వయసు ఇరవై. నాకు కావలసిన క్వార్టర్‌బ్యాక్ కోచ్ గొంతు ఆగిపోయాక కూడా కంగారు పడనివాడు. మిగతావన్నీ దాని తర్వాతే.

నేను ఎంఎస్‌కి వచ్చిన కొత్తలోనే 2014 సీజన్ చూశాను. ఆగస్టులో మన మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజం పోయింది. జె.టి. బ్యారెట్ వచ్చాడు. రెండో మ్యాచ్‌లోనే మన ఊళ్ళో వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడిపోయాం, 3 ఇంటర్‌సెప్షన్లు, అంటే మనవాడు విసిరిన బంతిని మూడుసార్లు అవతలివాళ్ళే పట్టుకున్నారు. ఆ రాత్రి స్టేడియం నుంచి లేన్ అవెన్యూ దాకా నడిచొస్తుంటే ఎవరూ మాట్లాడలేదు. అదే బ్యారెట్ తేరుకుని నవంబర్ దాకా లాక్కొచ్చాడు. మిషిగన్ మ్యాచ్‌లో అతని చీలమండ విరిగింది. అప్పుడు మూడోవాడు కార్డేల్ జోన్స్ వచ్చి విస్కాన్సిన్‌ని 59-0, అలబామాని 42-35, ఫైనల్లో ఒరెగాన్‌ని 42-20తో కొట్టాడు. ముగ్గురూ ముగ్గురే, ఒకరి ఆటకి ఇంకొకరి ఆటతో పోలిక లేదు. కానీ ఆ ఏడాది టీమ్ ఎక్కడా చెదరలేదు. ఎందుకంటారు?

---

విజయవాడ నుంచి కొత్తగా | ఆగస్టు 3

రాజు అన్నా, నేను ఈ వారమే కొలంబస్‌లో దిగాను, డేటా అనలిటిక్స్‌లో మాస్టర్స్. రూమ్మేట్లు అందరూ ఇదే మాట్లాడుతున్నారు, నాకేమో ఒక్క ముక్క అర్థం కావట్లేదు. క్వార్టర్‌బ్యాక్ అంటే మన క్రికెట్ కెప్టెన్ లాంటివాడేనా? ఒక్కడి మీద ఇంత చర్చ ఎందుకు?

---

కబడ్డీ కృష్ణ | ఆగస్టు 4

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో రాత్రి పూట మేలుకుని చూసేవాణ్ణి. మా చెల్లెలు కొలంబస్‌లో చదివిన రోజుల్నుంచి అలవాటైంది. నాకు అర్థమైన తీరులో చెప్తా.

పది యార్డులు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు. ప్రతిసారీ బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఇస్తాడా, విసురుతాడా, తనే పరిగెత్తుతాడా అన్నది అక్కడికక్కడ తేల్చాలి. క్రికెట్ కెప్టెన్‌కి ఓవర్ల మధ్య ఆలోచించుకునే వీలుంటుంది. ఇతనికి రెండు మూడు సెకన్లు.

నన్నడిగితే ఇది కబడ్డీ రైడర్ పని. రైడర్ అవతలి కోర్టులోకి ఒక్కడే వెళ్తాడు. 30 సెకన్లు. ఏడుగురూ చుట్టుముట్టి ఉంటారు. బోనస్ గీతకి కాలు చాచాలా, మూలన ఉన్నవాణ్ణి తాకాలా, లేకపోతే ఏమీ తేకుండా వెనక్కి వచ్చెయ్యాలా? మా ఊళ్ళో పెద్ద రైడర్లకి ఖాళీ చేతులతో వెనక్కి రావడం నామోషీ కాదు. దొరకని పాయింట్ కోసం ఎగబడి పట్టుబడినవాణ్ణే కోచ్ తిట్టేవాడు. ఇక్కడ కూడా అంతే. పాస్ అందుకోవడానికి మనవాళ్ళెవరూ ఖాళీగా లేకపోతే బంతిని మైదానం పక్క గీత అవతలికి విసిరేసి తర్వాతి ప్లే ఆడుకోవాలి. అయితే రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోది తాడోపేడో. ఫుట్‌బాల్‌లో థర్డ్ డౌన్, అంటే మూడో అవకాశం, అదే; నాలుగోదానికి మామూలుగా బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేస్తారు. అప్పుడు మాత్రం వెనక్కి రావడం కుదరదు. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు తెగించాలి అన్న తేడా తెలిసినవాడు కావాలి.

---

విజయవాడ నుంచి కొత్తగా | ఆగస్టు 4

కృష్ణ అన్నా, ఇప్పుడు అర్థమైంది. థాంక్స్.

---

డబ్లిన్ వేణు | ఆగస్టు 4

కంగారు పడకపోవడం మంచిదే, కాదనను. కానీ రాజు గారూ, దాన్ని ఎలా కొలుస్తారు? నాకు బంతి ఎక్కడ పడుతోందన్నదే ముఖ్యం. 2019లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) తరఫున జో బర్రో 60 టచ్‌డౌన్ పాస్‌లు (బంతి చివరి గీత దాటి స్కోరైనవి), 5,671 యార్డులు, నూటికి 76.3 పాస్‌లు సరిగ్గా చేరాయి. 15 మ్యాచ్‌లకి 15 గెలిచారు. ఆయన మన దగ్గర ఆడే అవకాశం రాక వెళ్ళిపోయినవాడే. చేతిలో బలం మరీ గొప్పదేం కాదు. పాస్ అందుకునే రిసీవర్ ఏ భుజం వైపు తిరుగుతాడో ఆ భుజం దగ్గరికే బంతి వెళ్ళేది. మన దగ్గర రిసీవర్లు జెరెమయా స్మిత్, కార్నెల్ టేట్ ఉన్నారు. వాళ్ళకి బంతి సరైన చోట, సరైన టైముకి అందితే చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారు. అందుకే నా ఓటు సేయిన్‌కి. బంతి చేతిలోంచి తొందరగా వదులుతాడు.

---

బక్ఐ సుధ | ఆగస్టు 5

వేణు గారూ, ఆ లెక్కన 2023లో మన క్వార్టర్‌బ్యాక్ కైల్ మెకార్డ్ ఎందుకు వెళ్ళిపోవాల్సి వచ్చింది? స్టార్టర్‌గా 12 మ్యాచ్‌లు, 11 గెలుపులు. ఓడిన ఆ ఒక్కటి మిషిగన్ మీద, 30-24. చివర్లో ముందుకు తీసుకెళ్తూ ఇంటర్‌సెప్షన్ ఇచ్చాడు. కొన్ని రోజులకే పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితాలో) పేరు పెట్టి సిరాక్యూస్ వెళ్ళాడు. అక్కడ 2024లో 4,779 యార్డులు విసిరాడు, దేశంలో అందరికంటే ఎక్కువ. అంటే బంతి విసరడం రాక కాదు కదా! మరి మన టీమ్‌కి అతని దగ్గర దొరకనిదేంటి?

నాకు ఆ అబ్బాయి మీద ఇప్పటికీ జాలే. ఆ ఇంటర్‌సెప్షన్ వీడియో చూడండి, విసిరేటప్పుడు అతని మీదికి మనిషి వచ్చి పడ్డాడు. క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగా నిలబడే ఐదుగురి లైన్ కాపాడలేకపోతే ఎవరైనా ఏం చేస్తారు? క్వార్టర్‌బ్యాక్‌కి ఏం కావాలో ముందు మనం ఇచ్చామా అని కూడా అడగాలి.

---

ఆస్టిన్ అల్లుడు | ఆగస్టు 5

టెక్సస్ వాణ్ణి, రావచ్చా? పెళ్ళితో ఆస్టిన్ టీమ్ నాదైంది, ఇప్పుడు మా మామగారి కంటే నాకే ఎక్కువ పిచ్చి.

సుధ గారూ, లైన్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. జనవరి 10న కాటన్ బౌల్ సెమీఫైనల్లో మా మీద మీరు గెలిచిన మ్యాచ్ గుర్తుందా? 21-14తో వెనకబడి ఉన్నాం. బంతి సరిగ్గా ఒక యార్డు గీత మీద, టచ్‌డౌన్‌కి ఒక్క యార్డు దూరం, నాలుగు అవకాశాలు. ఒక ప్లేలో పక్కకి ఇచ్చిన బంతితో ఏడు యార్డులు వెనక్కి పోయాం. నాలుగో అవకాశంలో మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ విసరబోతుంటే మీ డిఫెన్స్‌లోని జాక్ సాయర్ వెనకనుంచి వచ్చి బంతిని కొట్టి, తనే పట్టుకుని 83 యార్డులు పరిగెత్తాడు. యూవర్స్ మొదట మీ దగ్గరే చేరాడు, అప్పట్లో సాయర్ అతని రూమ్మేట్. నేను సోఫా మీంచి లేవలేకపోయాను.

అయినా యూవర్స్ తప్పు లేదనను. అన్నీ బాగున్నప్పుడు ఆడటం చాలామందికి వచ్చు. లైన్ చెదిరినప్పుడు ఒక అర సెకను ముందే పసిగట్టాలి. మా కొత్త క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ మీద మాకు ఆశ అందుకే, కాళ్ళు ఉన్నాయి. చూద్దాం 30న.

---

పద్మ_కొలంబస్ | ఆగస్టు 6

నేను ఎప్పుడూ చదవడమే, రాయను. ఈ చర్చ చూసి రాయాలనిపించింది. మా అబ్బాయికి 15 ఏళ్ళు, హైస్కూల్ టీమ్‌లో రెండో క్వార్టర్‌బ్యాక్.

సాయంత్రం పల్లీలు వేయించి పెడితే తినడు. ముందు డైనింగ్ టేబుల్ మీద 11 పల్లీలు పేరుస్తాడు, అవి అవతలి డిఫెన్స్. ఎదురుగా 11 చిల్లర బిళ్ళలు, తన టీమ్. కళ్ళు మూసుకుని "అమ్మా, ఒకటి జరుపు" అంటాడు. నేను వెనక వరసలోని పల్లీ ఒకటి బెత్తెడు ముందుకు జరుపుతాను. "సరే" అనగానే కళ్ళు తెరుస్తాడు. నేను ఒకటి, రెండు, మూడు అనేలోగా ఏది జరిగిందో, బంతి ఏ బిళ్ళకి వెళ్ళాలో వేలు పెట్టి చూపించాలి. మొదట్లో మూడు అన్నాక కూడా వెతుక్కునేవాడు. ఇప్పుడు రెండు అనేలోపు వేలు పడుతోంది. మధ్య మధ్యలో నేను ఏదీ జరపకుండానే "సరే" అంటాను. అప్పుడు వాడు ఏమీ మారలేదని గ్రహించి కోచ్ ఇచ్చిన ప్లేనే ఉంచాలి. అన్నిటికంటే కష్టం అదేనట. ఏదో మారి ఉంటుందన్న భయంతో లేనిది కనిపిస్తుందట.

పోయిన సంవత్సరం ఒక మ్యాచ్‌లో మొదటి అబ్బాయికి దెబ్బ తగిలితే వీణ్ణి దింపారు. రెండో ప్లేలోనే బంతి అవతలివాళ్ళ చేతిలో పెట్టాడు. నా గుండె జారిపోయింది. వాడు బెంచీ దగ్గరికి వచ్చి ముందు కోచ్ దగ్గరికి వెళ్ళలేదు. లైన్‌లో ఆడే ఐదుగురు లావుపాటి పిల్లలు కూర్చున్న చోటికి వెళ్ళి వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏమన్నావురా అని ఇంటికొచ్చాక అడిగితే, "తప్పు నాదే, మీరు బాగానే ఆపారు అన్నానమ్మా" అన్నాడు. ఆ మ్యాచ్ ఓడిపోయారు. కానీ అప్పటినుంచి ఆ ఐదుగురు మా ఇంటికి వస్తున్నారు, బిర్యానీ ఒక్క గిన్నె చాలడం లేదు.

సుధ గారూ, లైన్ కాపాడాలన్నారు కదా, నిజమే. ఆ పిల్లలకి వాడి కోసం నిలబడాలని అనిపించాలి కూడా.

---

లేన్ అవెన్యూ రాజు | ఆగస్టు 6

పద్మ అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2014 గురించి నేను అడిగిన ప్రశ్నకి జవాబు మీ ఇంటి టేబుల్ మీదే ఉంది.

మీ అబ్బాయిలాగే ఒక తప్పు తర్వాత ఏం చేశాడన్నదే నాకు హోవర్డ్‌లో నచ్చింది. కాన్సాస్ స్టేట్ నుంచి ఒక్క ఏడాది కోసం వచ్చాడు. 2024 అక్టోబర్ 12న ఒరెగాన్‌లో మ్యాచ్, వాళ్ళు 32, మనం 31. మన చేతిలో బంతి. స్మిత్ మీద పెనాల్టీ పడి, బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నే ఫీల్డ్ గోల్ దూరం దాటి వెనక్కి పోయాం. పది సెకన్లున్నప్పుడు ఒరెగాన్ 11 బదులు 12 మందిని మైదానంలో ఉంచి, పెనాల్టీ పడితే పడిందని నాలుగు సెకన్లు కరిగించేసింది. మిగిలింది ఆరు. హోవర్డ్ వెనక్కి తగ్గి చూశాడు, తన మనిషి ఎవరూ దొరకలేదు. మధ్యలోంచి పరిగెత్తాడు. ముందు ఖాళీ కనిపిస్తోంది, ఇంకో అడుగు, ఇంకో అడుగు. జారి కూర్చునేసరికి గడియారం సున్నా. టీవీ ముందు నేను "కూర్చోరా, కూర్చో" అని అరుస్తూనే ఉన్నాను. ఒక్క సెకను ముందు కూర్చుని ఉంటే ఇంకో ప్లే ఉండేది.

తర్వాత నవంబర్ 30న మన స్టేడియంలోనే మిషిగన్ చేతిలో 13-10. రెండు ఇంటర్‌సెప్షన్లు. వరసగా నాలుగో ఏడాది వాళ్ళ చేతిలో ఓటమి. ఆ రోజు కొలంబస్‌లో హోవర్డ్ పేరు ఎత్తితే జనం మొహం తిప్పుకున్నారు.

మూడు వారాల తర్వాత ప్లేఆఫ్స్‌లో టెనెసీ మీద 42-17. రోజ్ బౌల్‌లో అదే ఒరెగాన్ మీద 41-21. తర్వాత టెక్సస్. జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డేమ్‌తో ఫైనల్, మొదటి 13 పాస్‌లు ఒక్కటి కూడా కింద పడలేదు. మొత్తం 21కి 17, 231 యార్డులు. 31-7 నుంచి వాళ్ళు 31-23 దాకా వచ్చేశారు. మూడు నిమిషాలు కూడా లేవు. థర్డ్ డౌన్, 11 యార్డులు కావాలి. కృష్ణ చెప్పిన తాడోపేడో రైడ్ అదే. సర్దుకుని బంతి పరిగెత్తిస్తారేమో అనుకున్నాను. స్మిత్‌కి ఎదురుగా ఒక్కడే ఉన్నాడు. హోవర్డ్ తలెత్తి విసిరాడు, 56 యార్డులు. అక్కడితో మ్యాచ్ అయిపోయింది, 34-23.

ఒరెగాన్‌లో ఆ ఒక్క సెకను పోగొట్టినవాడూ అట్లాంటాలో ఆ బంతి విసిరినవాడూ ఒకడే. నాకు కావలసింది అలాంటివాడు.

---

బక్ఐ సుధ | ఆగస్టు 7

రాజు గారూ, కథ బాగుంది, కళ్ళు చెమర్చాయి. కానీ మిషిగన్ మ్యాచ్ ఓటమి హోవర్డ్ ఖాతాలో వెయ్యకండి. ఒరెగాన్‌లో మన లైన్‌లో ఎడమ చివరవాడు, లెఫ్ట్ ట్యాకిల్ జోష్ సిమన్స్ మోకాలు పోయింది. నవంబర్‌లో లైన్ మధ్యలో ఆడే సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ మడమ నరం తెగింది. అలాంటి లైన్‌తో మిషిగన్ డిఫెన్స్ నడిమధ్యకే పదే పదే బంతి పంపారు, బయట స్మిత్ లాంటివాణ్ణి పెట్టుకుని! ప్లేఆఫ్స్‌లో మొదటినుంచీ పొడుగు పాస్‌లు వేశారు, తేడా అందరూ చూశారు. హోవర్డ్ మారడం ఎంత నిజమో, అతన్ని వాడుకునే పద్ధతి మారడం కూడా అంతే నిజం.

---

డబ్లిన్ వేణు | ఆగస్టు 7

సుధ గారితో ఏకీభవిస్తాను. ఇంకొక సంగతి. ఆ సీజన్‌లో 4,010 యార్డులు, 35 టచ్‌డౌన్ పాస్‌లు, చేతిలో ట్రోఫీ. అంత చేసినా ప్రో టీమ్‌లు ఆటగాళ్ళని ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో హోవర్డ్‌ని ఆరో రౌండ్‌లో గానీ తీసుకోలేదు. జార్జియాకి రెండు టైటిళ్ళు వరసగా తెచ్చిన స్టెట్సన్ బెనెట్ స్కాలర్‌షిప్ లేకుండా చేరినవాడు. కాలేజీ టీమ్‌కి కావలసింది ఒకటి, ప్రో టీమ్‌లు వెతికేది ఇంకొకటి. కొలత గురించి నేను మొదట రాసింది సగమే అని ఒప్పుకుంటున్నాను. అయినా సేయిన్ మీద నా ఓటు మారదు.

---

కబడ్డీ కృష్ణ | ఆగస్టు 8

కీన్‌హోల్జ్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? 2023 డిసెంబర్‌లో మిజోరీ మీద ఆ రోజు ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ డెవిన్ బ్రౌన్‌కి దెబ్బ తగిలితే మొదటి ఏడాది కుర్రాణ్ణి అమాంతం దింపారు. 14-3తో ఓడాం. ఈ రోజుల్లో ఆ తర్వాత ఎవరైనా పోర్టల్‌లోకి పోతారు. అతను పోలేదు, ఉన్నాడు, ఇప్పుడు పోటీకి నిలబడ్డాడు. కాళ్ళు కూడా మంచివి. అలబామాలో జేలెన్ హర్ట్స్ గుర్తున్నాడా? 2018 జనవరిలో జార్జియాతో ఫైనల్లో సగంలో అతన్ని కూర్చోబెట్టి రెండో క్వార్టర్‌బ్యాక్ టువాని దింపారు, టువా గెలిపించాడు. హర్ట్స్ అలిగి వెళ్ళిపోలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో టువాకి దెబ్బ తగిలితే లేచొచ్చి అదే జార్జియా మీద 35-28తో గెలిపించాడు. మొదటివాడు ఎవరైనా కానీ, రెండోవాణ్ణి చేజార్చుకోవద్దు.

---

డబ్లిన్ వేణు | ఆగస్టు 18

ప్రకటించేశారు. సేయిన్.

---

పద్మ_కొలంబస్ | ఆగస్టు 18

సంతోషం. కీన్‌హోల్జ్ వాళ్ళమ్మ ఈ రాత్రి ఎలా ఉందో అనిపించింది. రెండోవాడి తల్లిని కదా.

---

ఆస్టిన్ అల్లుడు | ఆగస్టు 30

14-7. అభినందనలు. ఒక యార్డు గీత మీద మళ్ళీ ఆగిపోయాం, ఆ గీత చూస్తేనే గుండె దడ. ఆర్చ్ నేర్చుకుంటాడు.

---

లేన్ అవెన్యూ రాజు | ఆగస్టు 30

ఇప్పుడే ఇల్లు చేరాను, గొంతు పోయింది. డిఫెన్స్ గెలిపించిన మ్యాచ్ ఇది, అందులో సందేహం లేదు. సేయిన్ 20కి 13, 126 యార్డులు, ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. నాలుగో క్వార్టర్‌లో టేట్‌కి 40 యార్డుల టచ్‌డౌన్. అంకెలు చూస్తే చిన్నవే. మొదటి స్టార్ట్, ఎదురుగా సీజన్ ముందు ర్యాంకుల్లో నంబర్ వన్ టీమ్. బంతిని పదిలంగా దాచుకుని, తెగించాల్సిన చోట ఒక్కసారి తెగించాడు. నాకు చాలు. సుధ గారూ, లైన్ గురించి మీరు రాయండి, రేపు చదువుతాను.

---

విజయవాడ నుంచి కొత్తగా | ఆగస్టు 31

రాజు అన్నా, నేనూ స్టేడియంలోనే ఉన్నాను, రూమ్మేట్ వాళ్ళ ఫ్రెండ్ రాలేకపోతే ఆ టికెట్ దొరికింది, పై వరసలో. మన చేతిలో బంతి ఉన్నంతసేపు నేను ఆ చిన్న గడియారమే చూశాను. 15 పడగానే సేయిన్ వైపు చూసేవాణ్ణి. హెల్మెట్ ఎడమ నుంచి కుడికి మెల్లగా తిరిగేది. పక్కనున్న పెద్దాయన "బంతి అటుంటే నువ్వెటు చూస్తున్నావు బాబూ" అని అడిగారు. పద్మ ఆంటీ పల్లీల సంగతి ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను, ఆయన నాలుగో క్వార్టర్ అంతా నాతో పాటు గడియారమే చూశారు.

వచ్చే శనివారం గ్రాంబ్లింగ్ మ్యాచ్‌కి స్టూడెంట్ టికెట్ ఎలా కొనాలో ఎవరైనా చెప్తారా?